నల్లరేగడి పెరట్లో ఈత తొట్టి: నేల సంగతి తేల్చుకుని, దగ్గరుండి ఎలా పెట్టించుకోవాలి

హోలీ దాటిందంటే మహారాష్ట్రలో రాజురా, బల్లార్‌పూర్, చంద్రపూర్ వైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒక మాట మొదలవుతుంది. సెలవులకు పిల్లలు వస్తున్నారు, పెరట్లో ఈత తొట్టి పెట్టిద్దామా అని. ఎండ 45 డిగ్రీలు దాటే ఊళ్ళు ఇవి, ఆ కోరిక న్యాయమైనదే. గొయ్యి తవ్వి కాంక్రీటు పోసే పూల్ అయితే లక్షల పని. నేల మీదే నిలబెట్టే పూల్ అంత ఖర్చు కాదు. ఇందులో రెండు రకాలు ఎక్కువగా అమ్ముతున్నారు. ఇనుప పైపుల ఫ్రేమ్‌కి మందపాటి పీవీసీ తొడుగు బిగించేది ఒకటి. గుండ్రంగా స్టీలు రేకు గోడ నిలబెట్టి లోపల లైనర్, అంటే నీళ్ళు ఆపే ప్లాస్టిక్ తొడుగు పరిచేది రెండోది.

నేను తాపీ, ప్లంబింగ్ పనులు చేయిస్తాను. పూల్స్ పెట్టడం తర్వాత చేతికొచ్చిన పని. మొదటిసారి పెట్టింది 12 అడుగుల స్టీలు గోడ పూల్. మే నెల, నేల రాయిలా ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. పల్లంగా ఉన్న వైపు తవ్విన మట్టే పోసి, కాళ్ళతో తొక్కించి, పైన ఇసుక పరిచి గోడ ఎత్తేశాను. జూన్‌లో రెండు గట్టి వానలు పడ్డాయి. ఒకవైపు నేల ఉబ్బింది, పోసిన వైపు కుంగింది. నీళ్ళన్నీ ఒక పక్కకు ఒరిగి, గోడ కడుపులా ముందుకొచ్చింది. ఒక తెల్లవారుజామున బోల్టుల వరుస చీలి నీళ్ళన్నీ పెరట్లోకి వచ్చిపడ్డాయి. తులసికోట పక్కకు జరిగిపోయింది. ఆ వేళకు అక్కడ ఎవరూ లేకపోవడం ఆ ఇంటివాళ్ళ అదృష్టం, నా అదృష్టం. అందుకే ఇందులో సగం దాకా నేల గురించే చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

ముందు బరువు లెక్క

ఒక ఘనపు మీటరు నీళ్ళు 1,000 లీటర్లు, అంటే ఒక టన్ను. 12 అడుగుల గుండ్రటి పూల్‌లో మూడున్నర అడుగుల నీళ్ళు పెడితే సుమారు 11,200 లీటర్లు, అంటే 11 టన్నుల పైమాట. 15 అడుగులదైతే 17 టన్నులు దాటుతుంది. ఈ బరువంతా రోజుల తరబడి ఒకే చోట కూర్చుంటుంది.

డాబా మీద పెడతారా అని చాలామంది అడుగుతారు. వద్దు. మనుషులు తిరిగే డాబాను మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకు కడతారు. రెండడుగుల నీళ్ళు నిలిపినా చదరపు మీటరుకు 600 కిలోలు. స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క వేసి, సంతకం పెట్టి ఇవ్వకుండా డాబా మీద పిల్లల తొట్టి కంటే పెద్దది ఏదీ పెట్టకండి. కింద మీ మనుషులే పడుకుంటారు.

చోటు

ఇంటి గోడకు కనీసం పదడుగుల దూరం ఉంచండి. నల్లరేగడిలో పునాది పక్కన తడి పెరిగితే ఇల్లు బీటలిస్తుంది. మీ గోడతో పాటు పక్కింటివాళ్ళ గోడ కూడా చూసుకోవాలి. సెప్టిక్ ట్యాంకు మీద, పూడ్చిన పాత బావి మీద, నీళ్ళ పైపు లైను మీద పెట్టకూడదు. పైన కరెంటు తీగ పోతుంటే ఆ చోటు వదిలేయండి, ఎంత ఎత్తున ఉన్నా సరే. వేపచెట్టు నీడ హాయిగానే ఉంటుంది కానీ ఆకు, పూత, పండు రోజంతా రాలుతూ ఫిల్టర్‌ను మూసేస్తాయి. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం ఇంటి నీడ పడే తూర్పు పెరడు దొరికితే అంతకంటే మంచి చోటు లేదు.

పనివాళ్ళను మాట్లాడుకునేటప్పుడు

పెట్టె మీద బొమ్మ చూసి గంటలో అయిపోతుందనేవాళ్ళను పంపించేయండి. మూడు ప్రశ్నలు అడిగితే మనిషి పనితనం తెలిసిపోతుంది. ఎత్తుపల్లాలు ఎలా సరిచేస్తావు? ‘ఎత్తు చెక్కేస్తాను’ అంటే పని తెలిసినవాడు. ‘పల్లంలో మట్టి పోస్తాను’ అంటే నా మొదటి పూల్ గుర్తు తెచ్చుకోండి. మట్టం దేనితో చూస్తావు? మొరం ఎన్ని పొరలుగా పోస్తావు? ఈ రెండింటికి తడుముకోకుండా జవాబు రావాలి.

తవ్వకం, మొరం, కూలీ, పంపు కనెక్షన్, ఎర్తింగ్ ఎవరి ఖర్చో కాగితం మీద రాయించుకోండి. చాలామంది ధర చెప్పేటప్పుడు నేల పని కలపరు, తర్వాత గొడవ దాని దగ్గరే వస్తుంది. చివరి వాయిదా డబ్బు పూల్ నిండిన 48 గంటల తర్వాత ఇస్తానని ముందే చెప్పండి. మంచి పనివాడు దానికి ఒప్పుకుంటాడు.

ఇక్కడి కూలీలు ఎక్కువగా మరాఠీ మాట్లాడతారు కాబట్టి నాలుగు మాటలు తెలిసి ఉంటే పని చెడదు. మన నల్లరేగడి వాళ్ళకు కాళీ మాతీ, మొరం మురూమ్, ఇసుక రేతీ, కంకర గిట్టీ, దిమ్మిస ధుమ్మస్. మొరం, ఇసుక బ్రాస్ లెక్కన అమ్ముతారు. బ్రాస్ అంటే 100 ఘనపుటడుగులు.

నేల: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

మే నెలలో ఎండిన రేగడి చేను చూసే ఉంటారు. నెర్రెల్లో చెయ్యి పెడితే మణికట్టు దాటి లోపలికి పోతుంది. వాన పడితే అదే నేల ఉబ్బి, నెర్రెలన్నీ మూసుకుని పైకి లేస్తుంది. అలా ఉబ్బే నేల మీద 11 టన్నులు నిలబెట్టాలంటే ఆ మట్టిని తీసి పక్కన పెట్టక తప్పదు. సిరోంచ వైపు ప్రాణహిత ఒడ్డున ఇసుక పాళ్ళు ఎక్కువున్న ఒండ్రు నేల ఉన్నవాళ్ళకు ఈ ఉబ్బు బాధ తక్కువ. వాళ్ళు నీళ్ళు చల్లి, దిమ్మిసతో గట్టిగా కొట్టించుకుంటే చాలావరకు సరిపోతుంది. నాందేడ్ జిల్లా ధర్మాబాద్, దెగ్లూర్ వైపు రేగడి ఉన్నవాళ్ళకు మాత్రం కింద చెప్పేదంతా వర్తిస్తుంది.

పని ఫిబ్రవరి చివరలోనో మార్చిలోనో పెట్టుకోండి. మధ్యలో ఒక ఇనుప మేకు దిగ్గొట్టి, తాడు కట్టి, సున్నంతో గుండ్రంగా గీత గీయండి. 12 అడుగుల పూల్‌కు 16 అడుగుల వృత్తం కావాలి, చుట్టూ రెండేసి అడుగులు ఎక్కువన్నమాట. ఆ వృత్తంలో అడుగున్నర లోతు నల్లమట్టి మొత్తం తీయించండి. గోతి పక్కనే కుప్ప పోయించకండి, పని అయ్యేలోపే కూలీలు అదే మట్టి తిరిగి గోతిలోకి తోసేస్తారు.

ఇప్పుడు తుంగ సంగతి. ఇది చదివి వదిలేయకండి. మన పెరళ్ళలో తుంగ లేని చోటు ఉండదు. పైన గడ్డి చెక్కేస్తే పోయిందనుకుంటాం, కింద నల్లటి గడ్డలు మాలలా ఒకదానికొకటి కట్టుకుని ఉంటాయి. వెలుతురు లేకున్నా మొలుస్తాయి. ఒక ఇంట్లో పూల్ పెట్టిన మూడో వారం, నీళ్ళు ఒక్కో అంగుళం తగ్గుతున్నాయని పిలిచారు. నీళ్ళలో దిగి అడుగంతా అరిచేత్తో తడిమాను. నిచ్చెన పక్కన ఏదో గుచ్చుకుంది. కళ్ళకు ఈత అద్దాలు పెట్టుకుని మునిగి చూస్తే, సూది మొనలాంటి తెల్లటి మొలక లైనర్‌ను పొడుచుకుని వేలెడంత పైకి వచ్చి ఉంది. తుంగ మొలకే. అంచేత అడుగున్నర తీసిన తర్వాత కూడా గొయ్యి అడుగును పారతో గీకించి, కనబడిన ప్రతి గడ్డా ఏరించండి. పిల్లలకు గడ్డకు ఒక రూపాయి అంటే వాళ్ళే ఏరేస్తారు, మా దగ్గర అలాగే చేస్తాం.

తర్వాత మొరం. గొయ్యి సుమారు 300 ఘనపుటడుగులు, అంటే 3 బ్రాస్‌లు. దిమ్మిస పడితే మొరం కుంగుతుంది, పైగా చుట్టుపక్కల నేల కంటే నాలుగంగుళాలు ఎత్తు రావాలి. అందుకని 5 బ్రాస్‌లు తెప్పించుకోండి. ఒక్కసారిగా లారీ ఒంపేసి పైపైన చదును చేస్తే లాభం లేదు. ఆరంగుళాల పొర పోయడం, చేతిలో పిడికిలి కట్టేంత తడి చేయడం, ప్లేట్ కంపాక్టర్ అద్దెకు తెచ్చి నాలుగైదు సార్లు తిప్పడం. ఇలా పొర తర్వాత పొర. కంపాక్టర్ దొరక్కపోతే దిమ్మిసతోనే కొట్టించండి, రోజు ఎక్కువ పట్టినా పర్వాలేదు. మడమతో గట్టిగా తొక్కితే గుంట పడకూడదు, అదీ గుర్తు.

మట్టం చూడటానికి రెండు దారులు. మధ్య మేకు మీద ఒక కొస పెట్టి తిన్నటి అల్యూమినియం పట్టీని గడియారం ముల్లులా చుట్టూ తిప్పుతూ, పైన రసమట్టం పెట్టి చూడటం ఒకటి. నీళ్ళు నింపిన సన్నటి గొట్టం రెండు కొసలూ ఎదురెదురు అంచుల దగ్గర పట్టుకుని చూడటం రెండోది. రెండూ చేయించండి. ఈ కొస నుంచి ఆ కొసకు తేడా అరంగుళం లోపు ఉండాలి. అంగుళం దాటితే ముందుకు పోకండి. ఎత్తున్న చోట చెక్కాలి, మళ్ళీ కొట్టాలి. ఈ పూట పనివాళ్ళు విసుక్కుంటారు, మీరు మొహమాటపడకండి.

రేగడిలో మొరం నింపిన గొయ్యి ఒక గిన్నె లాంటిది. వాన నీళ్ళు లోపలికి దిగితే బయటికి పోయే దారి ఉండదు, చుట్టూ ఉన్న నల్లమట్టి ఆ తడి తాగి ఉబ్బుతుంది. అందుకని మొరం అంచు నుంచి బయటికి మూడడుగుల మేర మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద షహాబాద్ ఫర్షీ (నాపరాయి పలకలు) వేయించండి. ఫర్షీ వాలు బయటివైపుకు ఉండాలి. ఖర్చు తగ్గించుకోవాలంటే పూల్ సైజు తగ్గించుకోండి, ఈ ఫర్షీ మాత్రం మానకండి.

నిలబెట్టే రోజు

పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా లైనర్ పని ముగించాలి. మధ్యాహ్నపు ఎండకు పీవీసీ మరీ మెత్తబడి, లాగితే సాగిపోతుంది. అసలు చల్లగా ఉన్నా మడతలు విడవవు, కాబట్టి పొద్దుటి ఎండలో అరగంట పరిచి ఉంచితే సరిపోతుంది. గాలి దుమారం ఉన్న రోజు స్టీలు రేకు విప్పనే వద్దు. గాలికి తిరగబడితే రేకు అంచు కత్తిలా తెగుతుంది. కనీసం నలుగురు మనుషులు, అందరికీ చేతి తొడుగులు ఉండాలి.

మొరం మీద రెండంగుళాలు జల్లించిన క్రషర్ డస్ట్ (కంకర ఆడించే చోట దొరికే రాతిపొడి) పరిచి, తడిపి, కొట్టించండి. ఇసుక కంటే ఇదే నాకు నచ్చుతుంది, ఇసుక కాలి కింద జరుగుతుంది, చీమలూ ఎలుకలూ తవ్వేస్తాయి. దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ (కుళ్ళని సింథటిక్ గుడ్డ) పరవండి. గోనెసంచులు, పాత చాపలు వేయకండి, అవి కుళ్ళి గుంటలు పడతాయి.

ఫ్రేమ్ కాళ్ళయినా, స్టీలు గోడ నిలువు పట్టీలయినా, ఒక్కోదాని కింద అడుగు చదరపు ఫర్షీ ముక్క పెట్టి, దాని పైభాగం నేలతో సమానంగా ఉండేలా దించాలి. ముక్క పైకి పొడుచుకు రాకూడదు, లేకుంటే మట్టం కోసం పడ్డ శ్రమంతా వృథా. స్టీలు గోడ రెండు కొసలూ కలిసే చోట ఉన్న ప్రతి బొక్కలోనూ బోల్టు పడాలి, ఒక్కటీ వదలకూడదు. నున్నటి తల లోపలికి, నట్టు బయటికి. లోపల ఆ అతుకు మీద టేపు రెండు వరసలు అంటించాలి. గోడ అడుగున లోపలి మూలలో చుట్టూ ఏటవాలుగా డస్ట్ కట్ట కట్టించండి, లేదా దానికోసమే అమ్మే ఫోమ్ పట్టీ పెట్టించండి. ఆ మూల ఖాళీగా ఉంటే నీటి బరువుకు లైనర్ గోడ కిందికి దూరి చిరుగుతుంది.

లైనర్ మీద చెప్పులతో ఎవరూ నడవకూడదు.

నీళ్ళు పోసేటప్పుడు ఆగాల్సిన చోట్లు

ముందు ఒక్క అంగుళం పోయండి. వట్టి కాళ్ళతో మధ్య నుంచి అంచులకు మడతలన్నీ తోయండి. నీళ్ళు ఎక్కువయ్యాక ఏ మడతా కదలదు. తర్వాత అడుగు ఎత్తు వరకు పోసి పంపు కట్టేయండి. గోడ పైఅంచు నుంచి నీటి దాకా నాలుగు దిక్కులా టేపుతో కొలవండి. నాలుగూ అంగుళం లోపు తేడాలో ఉంటే కొనసాగించవచ్చు. దాటితే నీళ్ళు తోడేసి మట్టం మళ్ళీ చేయాల్సిందే. అడుగు నీళ్ళు తోడేయడం ఒక పూట పని. నిండాక ఒరిగితే తోడేంత సమయం కూడా దొరక్కపోవచ్చు.

స్కిమ్మర్ (పైన తేలే చెత్తతో నీళ్ళను ఫిల్టర్‌కు లాగే నోరు), రిటర్న్ పైపు (ఫిల్టర్ నుంచి నీళ్ళు తిరిగొచ్చేది) కోసం లైనర్ కోయడం అన్నిటికంటే టెన్షన్ పెట్టే పని. ఆ బొక్క కిందికి నాలుగైదు అంగుళాల దూరంలో నీళ్ళు ఉన్నప్పుడు, గాస్కెట్ (నీళ్ళు కారకుండా పెట్టే రబ్బరు), పట్టీ ముందు బిగించి, ఆ తర్వాతే లోపలి లైనర్ కోయాలి. ముందే కోస్తే నీటి బరువుకు లైనర్ సాగి బొక్క పక్కకు పోతుంది.

బోరు నీళ్ళయితే ఒక చిన్న పరీక్ష. తెల్లటి బకెట్లో నీళ్ళు పట్టి, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ కలిపి రాత్రంతా ఉంచండి. పొద్దుటికి డికాషన్ రంగు వస్తే నీళ్ళలో ఇనుము ఉన్నట్టు. అవే పూల్‌లో పోస్తే క్లోరిన్ వేసిన రోజే తొట్టంతా అలా అవుతుంది. వేరే నీళ్ళు చూసుకోండి, దొరక్కపోతే రెండు మూడు రోజులు ఫిల్టర్ నడిపి, గంట గంటకూ ఫిల్టర్‌లోని కార్ట్రిడ్జ్ కడగాల్సి వస్తుంది.

ఇంకొక మాట. నీళ్ళు మార్చి నెలాఖరులోపే నింపుకుని, శుభ్రం చేసుకుంటూ అవే వానాకాలం దాకా వాడుకోండి. మే నెలలో వీధి కుళాయి దగ్గర బిందెలు వరుస కట్టినప్పుడు పూల్ కోసం ట్యాంకర్ తెప్పించే ఇంట్లో పని చేయడానికి నాకు మనసొప్పదు. రాత్రిళ్ళు కవర్ వేయండి. 12 అడుగుల పూల్‌లో సెంటీమీటరు నీరు తగ్గితే 105 లీటర్లు ఆవిరైనట్టే. తగ్గేది ఆవిరో కారడమో తెలియకపోతే, ఒక బకెట్ నిండా నీళ్ళు పోసి నిచ్చెన మెట్టు మీద పెట్టి రెండిటి మీదా గీత గీయండి. మర్నాడు రెండూ ఒకేలా తగ్గితే ఎండే తాగింది. పూల్ ఎక్కువ తగ్గితే లైనర్‌లో చిల్లు వెతకాలి.

కరెంటు

ఇక్కడ నా సలహా కూడా చాలదు, లైసెన్సున్న వైర్‌మన్‌నే పిలవండి. అతనితో ఇవి చేయించండి: పంపు లైనుకు విడిగా 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతట అదే ఆపేసే స్విచ్), పూల్ అంచు నుంచి మూడున్నర మీటర్ల అవతలే సాకెట్, మంచి ఎర్త్ గొయ్యి, స్టీలు గోడకూ నిచ్చెనకూ ఎర్త్ కలుపుతూ తీగ. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద లాక్కొచ్చి పెట్టడం కుదరదు. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ మీ ఎదుటే నొక్కించి, కరెంటు పడిపోతుందో లేదో చూడండి. ఆ తర్వాత నెలకోసారి మీరే నొక్కుతుండండి. పంపు గంటకు 2,000 లీటర్లు తోడేది అయితే ఆరు గంటల్లో 12 అడుగుల పూల్ నీళ్ళన్నీ ఒకసారి ఫిల్టర్ గుండా పోతాయి. గనుల దగ్గరున్న ఊళ్ళలో పొద్దున్నే నీటి మీద నల్లటి దుమ్ము తెట్టె కడుతుంది, అలాంటి చోట ఫిల్టర్ మామూలు కంటే రెట్టింపు సార్లు కడగాలి.

క్లోరిన్ మందు, పిల్లలు, వాన

క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరు నీటికి అన్ని మిల్లీగ్రాములు), పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. కొలిచే పట్టీలు తక్కువ ధరకే వస్తాయి. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ 70 గ్రాములు వేస్తే 11,200 లీటర్లకు 2 పీపీఎం వస్తుంది. బకెట్ నీళ్ళలో కలిపి, తేరుకోనిచ్చి, పైతేట మాత్రమే సాయంత్రం పోయండి. ఎండలో పోస్తే గంటల్లో ఎగిరిపోతుంది. బ్లీచింగ్‌ను యాసిడ్‌తోనో, టీసీసీఏ (ఇంకో రకం పూల్ క్లోరిన్) బిళ్ళలతోనో ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది, మంట కూడా లేవచ్చు. మందు ఆపి నీళ్ళు నిలవబెడితే వారంలో దోమ పిల్లలు కనబడతాయి. వాడని రోజుల్లో కూడా మందు, ఫిల్టర్ ఆగకూడదు.

ఈత అయిపోగానే నిచ్చెన తీసి ఇంట్లో పెట్టండి. చుట్టూ నాలుగడుగుల కంచె, దానంతట అదే మూసుకునే గేటు పెట్టించండి. కంచె పక్కన కుర్చీ, బకెట్, కూలర్ స్టాండు, ఎక్కడానికి వీలైనవి ఏవీ ఉంచకండి. మునిగే పిల్లలు కేకలు వేయరు, చప్పుడు లేకుండా కిందికి పోతారు. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ పెద్దవాళ్ళలో ఒకరు ఫోను లోపల పెట్టేసి, నీళ్ళ వైపే చూస్తూ కూర్చోవాలి. నాన్నమ్మకో అమ్మమ్మకో అప్పజెప్పి వెళ్ళకండి, వాళ్ళు పరుగెత్తుకొచ్చి గోడ దాటి దిగలేరు.

మొదటి గట్టి వాన పడిన మర్నాడు మళ్ళీ నాలుగు దిక్కులా టేపు పెట్టి కొలిచి, నిండిన రోజు రాసుకున్న అంకెలతో పోల్చండి. జూలై, ఆగస్టుల్లో పదిహేను రోజులకోసారి కొలిస్తే చాలు. ఫ్రేమ్ పూల్ అయితే వానాకాలం ముందే విప్పి, కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, వేపాకు వేసి మడవండి. స్టీలు గోడ పూల్‌ను మాత్రం ఖాళీగా ఉంచకండి, గాలికి గోడ ముడుచుకుపోతుంది. ఎప్పుడు నీళ్ళు వదిలినా క్లోరిన్ ఆపిన నాలుగు రోజుల తర్వాత, పట్టీతో చూసి సున్నా వచ్చాకే వదలండి. గొట్టం కొస అరటి మొక్కల దాకా లాగి పెట్టండి, రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా పోనివ్వండి. ఒకేసారి వదిలితే 11 టన్నుల నీళ్ళు పక్కింటి పునాది కింది రేగడిలోకే దిగుతాయి.